మొఖం చూసి బొట్టు

పాత గడియారం సబ్బునీళ్లు తాగి తాగి సచ్చింది.
ఇరవై రెండేండ్ల సర్వీసు దానిది, నాదీ.
కొత్తది కట్టుకొచ్చిన నాడు
మా ల్యాబు జాంగీర్ చూసి నవ్విండు:
"అడుగులు లెక్కవెడ్తది, నిద్ర లెక్కవెడ్తది,
మీకెందుకు సిస్టర్ ఇది?"
నాకు గవేం వద్దు.
ఒక్క సెకండ్ల ముల్లు కావాలె.

అదే నిలబడలె.
చెయ్యి పట్టుకొని లెక్కవెడ్తుంటే
పదిహేడు, పద్దెనిమిది...
ఠక్కున అద్దం ఆరిపోవుడు.
చెయ్యి మళ్ల తిప్పాలె. తిప్పితే నాడి జారిపోతది.
నాడి దొరికితే లెక్క పోతది.
అచ్చంపేట దవాఖాన్ల మూడు రాత్రులు
ఒక్కొక్కరి నాడి రెండేసి సార్లు పట్టిన.
"పెద్ద రోగమేమన్ననా అమ్మా?" అని
బల్మూరు ముసలాయన బెదిరిపోయిండు.

ఐదో నాడు జాంగీర్
చాయ్ చల్లారేదాక కూసోని దానికి బుద్ధి చెప్పిండు.
ముండ్ల మొఖం పెడితే రెప్ప వాల్చదు,
ఫోనొచ్చినా మణికట్టును గిల్లదు.
నల్ల మొఖం పెడితే వెలుగు అడుగుకు దిగుతది,
పిల్లల వార్డుల నిద్ర మీద పడకుంట
ఎర్ర అంకెలు నాలుగే, నివురుల నిప్పు లెక్క.
బస్టాండుకు పోయే మొఖానికి
ఎండల కనవడేటంత వెలుగు, గల్లుగల్లున మోత.
"మీరు మొఖం మారిస్తే చాలు సిస్టర్,
తక్కిన గుణాలన్నీ అదే సర్దుకుంటది.
ముండ్లదానికి మాత్రం చార్జి ఎక్కువ.
మేలుకొని ఉండేటిది గద, మీ లెక్కనే."

మొఖం చూసి బొట్టు పెట్టుడు
యంత్రానికి గూడ నేర్పిండ్రన్నట్టు.

నవ్వుదామనుకున్న, నవ్వు రాలె.
పొద్దుగాల ఓపీ కాడ ఈ చేత్తోనే
ఇస్త్రీ అంగీకి కుర్చీ జరిపిన,
మాసిన ధోతికి గోడ చూపిన.
నన్నెవరు సెట్ చేసిండ్రో,
ఎవరి చాయ్ చల్లారిందో.

రాత్రి రెండు నలభైకి
పెంట నుంచి ఈదమ్మను తెచ్చిండ్రు.
అడివి నడుమ అంబులెన్సు టైరు మార్చుకున్నదట.
కాళ్లకు మన్ను. కొంగుకు పొగ వాసన.
చేతిల కార్డు లేదు.
"ఇప్పుడా వచ్చేది? ఇంతసేపు ఏం చేసిండ్రు?"
నా గొంతు వార్డు ఆ కొస దాక పోయింది.
ఆమె ఏమనలె.
నొప్పిని పండ్ల నడుమ పట్టుకున్నది.

ముండ్ల మొఖం పెట్టిన.
వెలుగు నిలబడ్డది.
మూడు వేళ్ల కింద ఆమె నాడి
ఎండుటాకుల మీద ఉడుత ఉరికినట్టు.
అరవై. డెబ్బై. ఎనభై నాలుగు.
నూట పన్నెండు కాడ ముల్లు మళ్ల మీదికొచ్చింది.

"అక్కా," అన్నది ఈదమ్మ,
"లెక్కవెట్టేటప్పుడు నీ మొఖం మంచిగుంటది."

ఏం చెప్పాలె?
దూది తెమ్మని ఆయాను పిలిచిన.
మెల్లగనే పిలిచిన.

ఐదింటికి ఆడపిల్ల.
రెండు కిలోల ఏడువందలు,
పుట్టంగనే అందరినీ తిట్టింది.

డ్యూటీ దిగినా మొఖం మార్చుడు మర్సిన.
వెల్దండ బస్సుల కూసుంటే
హాజీపూర్ దాటంగనే గడియారం కన్ను మూసింది.
పల్లీల మూట మీద చెయ్యేసుకున్నామె
"టైమెంతైంది బిడ్డా?" అన్నది.
కిటికీల ఎండను చూసి
"ఏడున్నర అయితుండొచ్చు" అన్న.
ఆమెకు గంతే చాలు.

మొన్న జాంగీర్ అడిగిండు:
"ఇంటికి ఏ మొఖం పెట్టాలె సిస్టర్?
ఏమేం ఆరాలె, ఏమేం మోగాలె?"
రేపు చెప్త అన్న. ఇంక చెప్పలె.

కుడిచేతి వేళ్లు ఎప్పుడు పోయినయో
ఎడమ మణికట్టు మీదికి, పట్టీ కిందికి.
లెక్కవెడ్తున్న.
డిండి నీళ్లొచ్చినయి, పోయినయి.
మూడు వందల ఆరు.
ఎన్ని నిమిషాలకంటే
చెప్పలేను.