కొండ లేని రేవు

డిసెంబరు నాలుగు సాయంత్రం
ఊరంతా బీచి రోడ్డు మీదే ఉంటుంది.
మిక్చరు పొట్లాలు, భుజాలెక్కిన పిల్లలు,
నీళ్ళ మీద ఒంటి నిండా దీపాలు పెట్టుకున్న ఓడలు.
మా చిన్న తాత మాత్రం మహారాణిపేట ఇంట్లో
నాయనమ్మ పక్కన కూర్చుని
చిక్కుడుకాయలకి ఈనెలు తీసేవాడు.

మేడ మీంచి విమానమొకటి ఆకాశాన్ని చింపుకుంటూ పోయేది.
అటక మీద గిన్నెలు గలగలమనేవి.
ఆయన తలెత్తేవాడు కాదు.
"ఎనిమిది వందల అడుగులు" అనేవాడు,
బజార్లో ధర చెప్పినట్టు.
ఇంకో కాయ అందుకునేవాడు.

పెదపాటి సత్యలింగం, నావికాదళంలో పైలట్.
ఇంట్లో పేరు బండోడు.
జపాను వాళ్ళు మన రేవు మీద బాంబులేసిన ఏప్రిల్లో
ఊరు ఊరంతా తాళాలేసుకుని కదిలినప్పుడు
పద్మనాభం ఇంకా రాకముందే
ఎడ్లబండిలో, ఎండుగడ్డి మీద పుట్టాడట.
బొడ్డు కోసింది పక్క బండిలో పోతున్న
ముక్కూ మొహం తెలియని మనిషి.
ఆవిడ పేరడగడం మరిచిపోయానని
అచ్చియ్యమ్మ ముత్తవ్వ పోయేదాకా నొచ్చుకుంది.

ఇరవై తొమ్మిదేళ్ళకి ఆ బండోడే
ఓడ మీంచి లేచి ఇంకెవరిదో రేవు మీదికి వెళ్ళాడు.
తిరిగొచ్చాడు.
పతకం బియ్యం డబ్బా అడుగున ఉండేది.
ఎందుకో నాకు తెలీదు.

వచ్చిన రాత్రి ముత్తవ్వ వంజరం పులుసు వడ్డించి
ఒక్కటే అడిగిందట:
"కింద బండ్లు కట్టుకుని పోతన్నోళ్ళు
ఎవులైనా అగుపించినారేటి నాయనా?"
ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.
చాలాసేపు కడుక్కున్నాడని నాయనమ్మ చెబుతుంది.
నూతిలో నీళ్ళు తోడి పోసింది తనే,
లెక్క గుర్తుంది:
ఏడు చేదలు.

స్కూటర్లో పెట్రోలు సగానికి దిగనిచ్చేవాడు కాదు.
పూర్ణా మార్కెట్టు దాకా పోవాలన్నా
రావడానికి ఎంతో ముందు లెక్కగట్టేవాడు.
"ఎల్లడానికి ఎవుడికైనా సరిపోద్దిరా" అనేవాడు.

యుద్ధం గురించి నాతో మాట్లాడింది ఒకే ఒక్కసారి,
కైలాసగిరి మీద, అదీ నేను అడిగినందుకు కాదు.
కింద తీరమంతా కొడవలిలా వంగి ఉంది.
"పైనించి సూస్తే ఏ రేవైనా మన రేవులాగే ఉంటాది.
అవే క్రేన్లు. అవే గోదాములు. నీటి మీద అదే నూనె తెట్టు.
అదిగో, ఆ డాల్ఫిన్స్ నోస్ కొండొకటే అక్కడ లేదు.
కొండ లేదు గనక మన ఊరు కాదనుకున్నాను."
తర్వాత నాకు ఉడకబెట్టిన పల్లీలు కొనిపెట్టి
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

ఆయన పోయాక
ట్రంకుపెట్టెలో లాగ్‌బుక్కు దొరికింది.
నీలం సిరా, ఇంగ్లీషు రాత.
గంటలు, నిమిషాలు, ఇంధనం.
ఎక్కడా కొట్టివేత లేదు.
ఆ డిసెంబరు పేజీలో, వరస చివరి గడిలో
ఒక్క తెలుగు మాట ఉంది,
వేరే పెన్నుతో, వణికే ముసలి అక్షరాల్లో:
అగుపించినాయి.

ఇంగ్లీషు రాని నాయనమ్మ
ఆ పుస్తకం మొత్తంలో చదవగలిగింది అదొక్కటే.
కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.
"మా అత్త పోయి ముప్పయ్యేళ్ళయిపోనాది గదా,
ఇప్పుడు రాసి ఎవులికి సూపిద్దామనీ?"
అని కోప్పడింది, పుస్తకం మీద.

ఈ ఏడు నేను బీచికి వెళ్ళలేదు.
చిక్కుడుకాయలు కాస్త ముదురువి తెచ్చాను,
ఈనె సగంలోనే తెగిపోతోంది.
నాయనమ్మకి ఇప్పుడు చెవులు సరిగా వినపడవు.
గిన్నెలు గలగలమంటే మాత్రం
నా మొహంలోకి చూసింది.

ఎంత ఎత్తో
నాకు చెప్పడం రాలేదు.