ఆరు పూటలు

బండి ఆపకు, గిచూహీ.
ఇవాళ కూడా నా క్యాను బోర్లించే ఉంది.
ఒల్ కలౌ మంచు ఇంకా గడ్డి మీంచి లేవలేదు,
నీ హారన్‌కి కుక్క తప్ప ఎవరూ రారు.

మవింగు తన్నే ఆవు కాదు.
కొన్న రోజు నుంచీ
చెయ్యి తగిలితే చాలు, చేపేది.
ఆదివారం సాయంత్రం తన్నింది.
బకెట్టు దొర్లిపోయింది, నేను తిట్టాను.
తర్వాత అరచెయ్యి పెట్టి చూస్తే
వెనక ఎడమ చన్ను
పొయ్యి మీంచి దించిన రాయిలా ఉంది.

నల్లగుడ్డ మీద తొలి ధార పిండాను.
పాలు కావవి,
పెరుగు పలుకులు, నీళ్లు.
నాలుగు గిన్నెల పళ్లెంలో నీలం మందు కలిపి తిప్పితే
మూడు గిన్నెలు నీళ్లలా జారాయి,
నాలుగోది తెల్లసొనలా
గిన్నెని పట్టుకుని కూర్చుంది.

ఎలా వచ్చిందని అడక్కు.
వానల వారం. రెండు ఆవులకీ ఒకే గుడ్డ.
పితికాక గడ్డి వేసి నిలబెట్టాలి కదా,
చన్ను ఇంకా నోరు తెరిచే ఉంటుంది కదా,
నేను మా చెల్లెలి అత్తగారి అంత్యక్రియలకి
తొందరపడి వెళ్లిపోయాను.
అది పేడలో పడుకుంది.

పోయినేడు కూడా ఇదే చన్ను.
అప్పుడు అంగట్లో అడిగినవాడికి అడిగిన ట్యూబు.
వాపు తగ్గగానే మిగతా ట్యూబులు సూరులో దాచాను,
పొదుపు అనుకున్నాను.
జబ్బుని కూడా అందులోనే దాచానని
ఈ ఏడు తెలిసింది.

ముకామి డాక్టరమ్మ వచ్చింది.
పాలు పితికేది అని పేరు,
పితకడం మాత్రం రాదు, నేనే పితికి సీసాకి పట్టాను.
నకూరు పంపి రెండు రోజులు ఆగమంది.
ఆగడమా? కాళ్లు వణుకుతున్నాయి దానికి!
నొప్పికి సూది వేసింది.
మూడు గంటలకోసారి ఆ చన్ను ఖాళీ చెయ్యమంది.
అర్ధరాత్రి లాంతరు పెట్టుకుని
చీముని పితికాను నేను,
ఆవు నా భుజం మీద ఊపిరి వదులుతుంటే.

జవాబు వచ్చాకే ట్యూబు.
జబ్బుకి సరిపడేది, మూడు రోజులు, చివరిదాకా.
డైసీకి మాత్రం ఏదీ వద్దంది,
అది చూడిది, పాలు ఆపేసి పది రోజులు,
ఆపేముందు నాలుగు గిన్నెలూ శుభ్రంగానే జారాయి.
ఒకటి గుచ్చి పోకూడదా అన్నాను.
ఆమె నవ్వలేదు.

మందు చేబదులు లాంటిది, గిచూహీ.
ఊరికే ఊరికే తీసుకుంటే
నిజంగా అవసరమైన రాత్రి
ఎవరూ తలుపు తియ్యరు.

మందు ఒక్క చన్నుకే.
పారబోసేది నాలుగింటి పాలూ.
చివరి ట్యూబు తర్వాత ఆరు పూటలు.
తలుపు మీద సుద్దతో గీతలు గీశాను.
పూటకి ఏడు లీటర్లు. లెక్క రాక కాదు.
వహూ స్కూలు ఫీజు అందులోనే ఉంది.
మొక్కజొన్న వెనక గొయ్యి తెల్లబడింది.
పిల్లి వచ్చి అంచున కూర్చుంటే
కర్రతో తరిమాను.
దూడకీ పొయ్యొద్దంది. పక్కింటి పాలు కొని పోస్తున్నాను,
మేం మాత్రం నల్ల టీ.

నిన్న నువ్వన్నావు,
"ఆ పెద్ద ట్యాంకులో నీ ఏడు లీటర్లు ఎవడికి కనబడతాయి?"
నిజమే. కనబడవు.
మీ ఊళ్లో కొత్తగా ఈనిన తల్లి తాగే టీలో కూడా
కనబడవు.

ఇది అయిదో గీత.
ఇందాక పొదుగు కడుగుతుంటే
వేళ్ల కింద మెత్తగా కదిలింది.
కాలు ఎత్తింది, భయపడ్డాను.
ఈగని తోలుకుంది, అంతే.

రేపు పొద్దున ఆపు.
పోసుకునేముందు నీ పరీక్ష చెయ్యి, మొహమాటపడకు.
హారన్ మాత్రం కొట్టకు.
అది మళ్లీ చేపే వేళ.