చెప్పుల జాగ

మూడు నెలల ఫీజు రసీదు
పర్సుల మడత మీద మడత పడి
అక్షరాలు రాలిపోయినై.
ఈత టోపీ సంచి అడుగున,
టిఫిన్ డబ్బా కింద,
రోజూ నాతోని దుకాణానికొచ్చి
రోజూ పొడిగనే ఇంటికొస్తది.
మామిడికాయ తొక్కు వాసన పట్టింది పాపం.

అడిగినోళ్ళకు చెప్పిన సాకులన్నీ నిజాలే.
జలుబు నిజం.
ఆడిబిడ్డ కొడుకు నిశ్చితార్థం నిజం.
మూసారాంబాగ్ వంతెన మీదికి నీళ్ళెక్కి
తొవ్వ బందైంది నిజం.
వంతెన తెరిచి పదిరోజులాయె,
అదీ నిజమే.
అదొక్కటి ఎవ్వరికీ చెప్పలే.

కోఠిల కళ్ళద్దాల దుకాణం.
ఇరవై రెండేండ్ల సంది
ఒకరి చూపుకు సరిపడ అద్దం అరగదీస్తున్న.
కూసున్నకాడ్నే నడుము,
నడుము చుట్టూ ఇంకో నడుము.
మెట్టు దిగినప్పుడల్లా మోకాలు
తలుపు కీలు లెక్క ఒక మాటంటది.
డాక్టరమ్మ చీటీ మీద గోలీ రాయలే.
ఈత అని రాసి
కింద రెండు గీతలు కొట్టింది.
గోలీ అయితే మింగి ఊకుందును.

ఈతకూ నాకూ పాత బాకీ ఉన్నది.
మా మేనమామ బాయికాడ
అన్నలకు నడుముకు బెండు కట్టి దుంకిచ్చిన్రు.
నన్ను గడ్డమీద కూసోబెట్టిన్రు,
అంగీలు లాగులు గాలికి పోకుండ కావలి.
ఎవడు మునిగిండు, ఎవడు తేలిండు
లెక్క నాదే.
బండ మీద కాళ్ళు కాలుతుంటె
ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న.

మనసు రావాలె గదా అనుకున్న.
సోమవారం వస్తదన్న, ఒకటో తారీఖు వస్తదన్న,
ఆషాఢం పోనీ అన్న.
మనసు రాలే.
కరెంటు పోయింది.
బుధవారం నాలుగింటికి మిషను ఆగి,
జనరేటర్ల డీజిల్ లేక
సేటు "ఇగ పొండ్రి" అన్నడు.
ఇంటికి పోతె బియ్యం ఏరాలె.
వచ్చిన బస్సు అంబర్‌పేటది.

లేడీస్ బ్యాచి.
కళ్ళద్దాలు తీసిన. మైనస్ ఏడు.
నీళ్ళల్ల ఆడోళ్ళందరు
రంగు మరకలైన్రు.
వాళ్ళ మొఖాలు నాకు కనబడకపోతె
నా పొట్ట వాళ్ళకు కనబడదని
చంటిపిల్ల లెక్క.
ఆ లెక్కతోనే మెట్లు దిగిన.
ఒకటి, రెండు, పిక్కల దాకా సల్లగ,
మూడు, నాలుగు.
మోకాలు ఏమనలే.
ఇంకొక మెట్టు దిగి చూసిన.
ఏమనలే.

ఎల్లెలకల తేలుకుంట
తస్నీమ్ ఆపా, అరవై మూడేండ్ల మనిషి,
పడవ తీరుగ పక్కకొచ్చింది.
"కడ్డీ ఛోడో బేటీ, పానీ కాట్తా నై."
వదలలే.
నలభై నిమిషాలు కడ్డీ పట్టుకొని
కారం దంచినట్టు కాళ్ళు కొట్టిన.
బయటికొచ్చి నాలుగు మిర్చి బజ్జీలు తిన్న.
దాస్తె ఏమొస్తది.

గురువారం పోలే. శుక్రవారం పోలే.
శనివారం సుత పోకపోదును గాని
తువ్వాల అక్కడ్నే మరిచిన.
గేటుకాడ అండాలమ్మ,
చెప్పులకు టోకెన్లిచ్చే మనిషి,
తలెత్తకుండనే అడిగింది:
"రెండొద్దులాయె రాక. యాడికి పోయినవ్?
నీ చెప్పుల జాగ ఎవ్వరికీ ఇయ్యలే నేను."
గోడ పక్క, తడి తగలని మూల,
ఒక జత పట్టేంత సిమెంటు.

నాకొక జాగ ఉన్నదని
నాకే ఎరుక లేదు.

రోజూ పోతున్న అంటె అబద్ధం.
వారానికి నాలుగొద్దులు, ఒక్కోసారి మూడు.
బరువు ముల్లు కదలలే.
మనసంటరా,
అది ఇప్పటికీ వెనక బస్సులనే వస్తది,
నేను తడిబట్టలు పిండేటాళ్ళకు దిగుతది.
రానీ, తొందరేమున్నది.

నిన్న కడ్డీ వదిలిన.
రెండు గజాలో, మూడో.
ముక్కులకెళ్ళి నీళ్ళు పోయి
మందు వాసన నెత్తికెక్కింది.
ఆపా ఏదో అరుస్తున్నది,
చెవులల్ల నీళ్ళు, వినబడలే.
లేచి నిలబడి ఒడ్డు దిక్కు చూసిన.
అంతా మసక.
గోడ పక్క మాత్రం
చిన్న నల్ల మరక.

నావే.