కోసిన అంచు

గురువారం నాలుగింటికి పార్కు గేటు గొలుసు తీసేది నేనే.
ముందు పియెరోగీల బండి వస్తుంది, రివర్సులో, కీచుమంటూ.
దాని వెనక పాకూ వాంగ్ సాసేజీల బండి,
ఆ వెనక టమాలీల ఎవుస్తోలియా,
ఎప్పుడూ ఆలస్యంగా వచ్చి
ఎప్పుడూ నీడే కావాలని పేచీపెట్టే కస్టర్డు వెండెల్.
మిల్వాకీలో ఎండ అప్పు తెచ్చిన సొమ్ము.
జూన్ నుంచి సెప్టెంబరు దాకా
ఊరంతా గడ్డిమీద కూర్చుని దాన్ని ఖర్చుపెడుతుంది.

నాది చెత్త.
పద్నాలుగు డబ్బాలు, ఒక తోపుడుబండి, నారింజరంగు చొక్కా.
ఎవరేం తిన్నారో బండ్లవాళ్లని అడగండి,
ఎవరేం వదిలేశారో నన్నడగండి.
మారాం చేసిన పిల్లాడి టమాలీ, పొత్తు కూడా విప్పలేదు.
మొదటిసారి కలుసుకున్న జంటని ఇట్టే పట్టేస్తాను:
పళ్లేలు రెండూ నిండుగానే ఉంటాయి,
నలిగినవి చేతిరుమాళ్లే.
మిరపకాయ పందెం కాసినవాడు మూడో ముద్దకి ఓడాడు.
డాక్టరు ఉప్పు మానమన్న పెద్దాయన
చింపిన ఉప్పు పొట్లాలు కాగితాల అడుగున దాస్తాడు,
భార్య వచ్చి డబ్బా వెతుకుతుందన్నట్టు.
ఇరవై రెండేళ్ల సర్వీసు.
నా చూపు తప్పదనుకునేవాణ్ణి.

మేపుల్ చెట్టు కింద బెంచీ మీద ఒకావిడ,
ఊదారంగు వానకోటు, వాన లేకపోయినా.
ఒక్క పళ్లెం కొంటుంది. సగమే తింటుంది.
మిగతా సగం కాగితంలో చుట్టి, బెంచీ మీద పెట్టి
బస్సు వేళకి లేచి వెళ్లిపోతుంది.
పోయిన మొగుడి వాటా కాబోలు అనుకున్నాను.
పాకూ కూడా తలూపింది:
"మావాళ్లూ అంతే, పెద్దల్ని పిలిచి వడ్డిస్తాం.
తీసెయ్యి మరి, ఉడతలు చేరతాయి."
టోపీ ఓసారి ఎత్తి, మర్యాదగా
డబ్బాలో వేసేవాణ్ణి.
ఆరు వారాలు.

ఏడో గురువారం సరస్సు మీంచి గాలి మళ్లింది.
వెండెల్ ధరల పలక లేచి ఎవరి కుక్కనో తరిమింది.
జనరేటర్లు ఒకటొకటే దగ్గి ఆగిపోయాయి.
ఆమె బస్సు రాలేదు.
పొట్లం నా చేతిలోంచి జారబోతుంటే
వెనకనుంచి, కోటు కొసల నీళ్లు కారుతూ, అంది:
"నచ్చకపోతే చెప్పొచ్చుగా,
ఇంకోటి కొనేదాన్ని."

బుర్రకెక్కలేదు.

"అందరి పళ్లేలూ ఎత్తుతావు.
నువ్వు తింటుంటే మాత్రం ఒక్కనాడూ చూళ్లేదు.
అందుకే తినకముందే సగం తీస్తాను.
నీకు ఎంగిలి పెడతానా?"

కాగితం విప్పాను.
పియెరోగీలు పళ్లేనికి ఏడిస్తారు.
ఇక్కడ మూడున్నాయి, వాటి పక్కన ఒక అర.
ఆ అరకి అంచు గీత గీసినట్టుంది.
ప్లాస్టిక్ కత్తి పని. పంటిగాటు లేదు.
ఆరు వారాలుగా ఈ అంచే
నా చేతుల మీదుగా పోయింది.

బండి రేకు కింద నిలబడి తిన్నాను.
చల్లారింది. ఉల్లి కొంచెం మాడింది.
ఆవిడ కన్నార్పకుండా చూస్తోంది,
చిల్లర లెక్కపెట్టుకునే మనిషిలా.
"ఎలా ఉంది?"
"ఉల్లి మాడింది" అన్నాను.
"నేనూ అదే అనుకున్నాను" అని
మొదటిసారి నవ్వింది.

పేరు ఆర్డిస్ అట.
వానలో బస్సు దీపాలు కనబడగానే పరుగెత్తింది.

ఖాళీ కాగితం జేబులో పెట్టుకున్నాను, ఎందుకో.
ఆదివారం ఉతికిన చొక్కాలో
ముద్దయి దొరికింది.