చుక్కల పుస్తకం

నౌపడా నుంచి పర్లాకిమిడి పోయే చిన్నరైలుకి
మా ఊళ్ళో ఏ పరువూ లేదు.
టెంబూరు దగ్గర ఎత్తు ఎక్కలేక అది ఆయాసపడుతుంటే
మగాళ్ళు దిగి, తుప్పల చాటుకి పోయి,
చుట్ట ముట్టించుకుని, నడిచొచ్చి మళ్ళీ ఎక్కేసేవారు.
"దీనికన్నా మా గేదె నయం" అనేది అప్ప.
నాకు మాత్రం అదే దేవుడు.
బొగ్గు నుసి కంట్లో పడితే
తుడుచుకోకుండా దాచుకునేవాణ్ణి.

"పెద్దయితే ఏటవుతావురా గుంటడా?"
"రైలు తోల్తాను."
అయ్య ఉప్పుమడిలోంచి తలెత్తకుండా నవ్వేవాడు.
మడమల పగుళ్ళలోకి ఉప్పు దూరిన మనిషి నవ్వు
ఎలా ఉంటుందో మీకు చెప్పలేను.

ఇరవయ్యొకటో ఏట పరీక్ష నెగ్గేను.
కూర్మారావూ నేనూ ఒకే కేరేజీలో చద్దన్నం పట్టుకుని
విశాఖపట్నం రైల్వే ఆసుపత్రికి పోయేం.
డాక్టరుగారు ఒక పుస్తకం తెరిచేరు.
అన్నీ చుక్కలే.
పెసరగింజలంతవి, కందిగింజలంతవి.
"ఇందులో ఏ అంకె ఉంది?"
కనబడిందే చెప్పేను: "ఇరవై ఒకటండి."
నా వయసు ఈ పుస్తకానికెలా తెలిసిందా అని
ఒక్క క్షణం ముచ్చటపడ్డాను కూడా.
నా వెనక కూర్మారావు డెబ్భైనాలుగన్నాడు.
వాడిదే నిజమట.
ఎరుపూ పచ్చా నా కళ్ళలో ఎప్పుడు రాజీపడ్డాయో
అంతవరకూ నాకెవరూ చెప్పలేదు.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూచుని
ప్రతి సిగ్నలునీ చూసేను.
ఒక్కటీ నాకేసి చూళ్ళేదు.
చీకటిపడ్డాక ఆకాశం నిండా చుక్కలు.
వాటిలో ఏ అంకే లేదు.
వాటిని అందరూ ఒకలాగే చూస్తారు కాబోలు.

మా వైపు ఇలాంటివాటికి ఎక్కువరోజులు ఏడవనివ్వరు.
ఆ వేసంగికే ఉప్పు కొఠారులో
కాటా దగ్గర గుమాస్తా కావాలన్నారు.
"ఉప్పుకి ఒకటే రంగు కదరా" అన్నాడు అయ్య.
ఓదార్పుకన్నాడో, ఉన్నమాటే అన్నాడో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

ముప్పయ్యెనిమిదేళ్ళుగా తూస్తున్నాను.
బస్తాలైతే తూచొచ్చు. మిగతావి
ఏ రాయి వేసి తూచాలో తెలీదు:
నా ఇంటిది చిన్నమ్మడు మిరపకాయలేరుతూ
"ఇది పండు, ఇది పచ్చి" అని
నా అరచేతిలో విడివిడిగా పెట్టే మధ్యాహ్నాలు,
తుపాను మడులన్నిటినీ ఒక్కటి చేసేసిన రాత్రి
అయ్యని వీపున మోసుకుని గట్టెక్కడం.
తేలినీలాపురం కొంగల రెక్కల్లో
గులాబీ ఉందంటుంది మా చిన్నది.
నమ్ముతాను.

కూర్మారావు మొన్న రిటైరయ్యాడు.
ఊరగాయకి కల్లుప్పు కావాలని వచ్చి
గట్టు మీద చతికిలబడ్డాడు. షుగరు, నడుంనొప్పి.
"చిన్నరైలు గుర్తుందేటి? దిగి, పోసుకుని, ఎక్కీవోళ్ళు.
నాను ఇన్నేళ్ళూ సీసా పట్టుకు తిరిగేన్రా.
పిల్లల్ని మెలకువగా సూసినది తక్కువ."
ఇద్దరం నవ్వేం.
కాసేపయ్యాక, కాలి బొటనవేలితో మట్టి గీకుతూ,
"కానీ తెల్లారగట్ల సిలకా పక్కనించి
బండి పోతాదా, అప్పుడు..." అని
నన్ను చూసి ఆగిపోయాడు.
చెప్పరా అన్నాను.
చెప్పలేదు.
రెండు కేజీల ఉప్పు ఎక్కువేసి పంపేను.

ఇప్పుడా లైను పెద్దదైంది.
దిగి ఎక్కడానికి వీల్లేదు.
పొద్దుగూకేక గుణుపూరు బండి మలుపు తిరిగితే
దాని దీపం కొఠారు మీద పడుతుంది.
ఒక్కో ఉప్పుకుప్పా లేచి నించున్నట్టుంటుంది.
ఆ రంగు నాకు తెలుసు.
చూస్తూ చూస్తూ ప్రతిసారీ లెక్క తప్పుతాను.

"అరవైరెండు, బాబూ" అంటుంది అప్పలకొండ,
తలమీద బస్తాతో, ఆగకుండా, నాకేసి చూడకుండా.
సంతకం రాని మనిషి.
ఇన్నేళ్ళలో ఒక్క బస్తా తేడా రాలేదు.

రాసుకుంటాను.