మ్యాచింగ్ సెంటర్

సూరత్ ఫాల్స్ కంపెనీ వాడు
దసరా టార్గెట్ దాటించానని కూపన్ ఇచ్చాడు:
గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డు హోటల్లో ఇద్దరికి భోజనం.
బరంపురం నుంచి స్కూటర్ మీద వెళ్ళాం,
కుముదిని పట్టుచీర కుచ్చిళ్ళు ఒళ్ళోకి దోపుకుని.

అయిదు వంటకాలు. కూపన్‌లో అంతవరకే.
అయిదు గ్లాసులు మాత్రం విడిగా,
నాలుగు వేల రెండు వందలు.
"ఏ వంటకానికి ఏ వైనో జత కుదిర్చి పెట్టాం సార్" అన్నాడు
చికిటి కుర్రాడు తపన్, మన తెలుగులోనే.

లోలోపల లెక్క కట్టాను.
జాకెట్టు ముక్కకి నాకు మిగిలేది పన్నెండు రూపాయలు.
అంటే మూడు వందల యాభై ముక్కలు.
మూడు వందల యాభై మంది ఆడవాళ్ళు
నా బల్ల మీద కొంగు పరిచి
"ఇది కాదండీ, ఇంకొంచెం పండు రంగు" అనాలి.

కానీ జత కుదిర్చినందుకే కదా
ఇరవై ఆరేళ్ళుగా నేనూ డబ్బు తీసుకుంటున్నది.
ఇంకొకడు అడిగితే కాదనడానికి నోరు రాలేదు.
"ఒక సెట్టు తే బాబూ, ఇద్దరం పంచుకుంటాం."
కుముదిని బల్ల కింద నా కాలు తొక్కింది.

మొదటిది బీట్‌రూట్ మీద ఏదో తెల్లటి నురగకి.
బస్సులో పక్కపక్క సీట్లు దొరికిన పరాయివాళ్ళలా
రెండూ చెరో కిటికీ చూస్తూ కూర్చున్నాయి.
రెండోది రొయ్యలకి. అచ్చం ఒకే రకం మెత్తదనం.
అచ్చం ఒకేలా ఉంటే నప్పదు.
పనిలో చేరిన కుర్రాళ్ళకి మొదటి రోజే చెబుతాను:
ఎర్ర చీరకి అదే ఎరుపు తియ్యకురా,
ఒకదాన్నొకటి మింగేస్తాయి.
అంచులో ఎక్కడో దాక్కున్న ఆవపువ్వు పసుపు ఉంటుంది, అది వెతుకు.

మూడోది పీతకి. పులుపు. అంతకంటే గుర్తు లేదు.

నాలుగోది ఆవపెట్టిన పండుగప్పకి,
ఎండుగడ్డి రంగులో.
ఒక ముక్క, ఒక గుక్క, మళ్ళీ ఒక ముక్క,
ఆగిపోయాను.

ఓ ముసలమ్మ వచ్చింది ఒకసారి, పర్లాకిమిడి నుంచి.
చీర వెలిసిపోయింది, ఏ రంగని చెప్పను?
"ఇప్పటి రంగుకి కాదు నాయినా, అప్పటి రంగుకి ఇయ్యి."
ఫాల్ కుట్టు రెండు వేళ్ళంత విప్పాను.
లోపల, ఎండ తగలని చోట,
నేరేడుపండు.

ఊహ తెలిసినప్పటినుంచీ తింటున్న చేపే.
దాని ఫాల్ ఎవరో విప్పి చూపించినట్టయింది.
అడుగున అంత తీపి ఉందని
యాభై మూడో ఏట తెలిసింది.

"ఏటి, అలా అయిపోయారు?" అంది కుముదిని.
చెప్పడం రాక గ్లాసు జరిపాను.
ఒక గుక్క తాగి, "చేప చల్లారిపోతోంది, తినండి" అంది.

ఛెనాపోడతో వచ్చిన అయిదోది దగ్గు మందులా ఉంది.
ఆవిడ దాన్ని పక్కకి నెట్టేసి,
మొదటి గ్లాసు అడుగున మిగిలింది వెనక్కి లాక్కుని
మాడిన పాకం అంచుతో నంజుకుంది.
"దీనికి ఇది పెట్టాలి."
"అలా పెట్టరు మేడం" అన్నాడు తపన్.
"మీరు పెట్టరులే. కుదిరిందో లేదో చూడు ముందు."
వాడు మేనేజరు వైపు చూశాడు.
నేను చూశాను. కుదిరింది.

దారిలో లైట్‌హౌస్ వెలుగు
మా మీదుగా పోయి, మళ్ళీ వచ్చి, మళ్ళీ పోతోంది.
"గిట్టిందా?" అంది వెనక నుంచి.
"అయిదింట్లో ఒకటి."
"ఒకటిన్నర" అంది, తనదీ కలుపుకుని.

తెల్లారి షట్టరు ఎత్తగానే బోణీ బేరం:
"చీరతోపాటే జాకెట్టు ముక్క వస్తోంది కదా,
విడిగా మళ్ళీ దండగ కాదా?"
రోజూ చెప్పే జవాబు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.
చీరా, తానూ చంకన పెట్టుకుని
మెట్లు దిగి రోడ్డు మీదికి నడిచాను.
"ట్యూబ్‌లైటు కింద తేలదమ్మా,
ఇలా ఎండలోకి రండి.
దండగో కాదో మీరే చెప్పండి,
చూడ్డానికి డబ్బుల్లేవు."