శబ్దం పోయిన రాత్రి

వెర్లీన్ పెటిగ్రూ పగలు బడి బస్సు నడుపుతుంది.
అరవై ఒకటో ఏట సినిమా తీసింది.
నలభై నిమిషాలు.
అంతకంటే పొడుగు తీయడానికి
చేపలు చాలలేదు.

అవును, చేపలే.
బిలాక్సీలో, చర్చి వెనక వంటింట్లో,
మొక్కజొన్న పిండిలో పొర్లించిన క్యాట్‌ఫిష్
పదమూడు శనివారాలు వేగింది.
ప్లేటు పన్నెండు డాలర్లు, క్యాబేజీ కూరతో కలిపి.
ఒక శనివారం కెమెరా అద్దెకి,
రెండు శనివారాలు లైట్లకి.
కుండపోత వానకి ఎవరూ రాని శనివారం
మిగిలిన చేపలన్నీ నటులకే భోజనం.

అంతకుముందు అడగాల్సిన చోటల్లా అడిగింది.
అద్దాల గదిలో ఒకాయన
కాగితాల అంచులు మర్యాదగా సర్ది
"బాగుంది, కానీ ఇందులో ఏం జరుగుతుంది?" అన్నాడు.
ఆల్చిప్పలు ఒలుస్తారు, అంది వెర్లీన్.
"సరే. ఆ తరువాత?"
మరిన్ని ఆల్చిప్పలు.

మన పద్యాల్లో స్వాతిచినుకు కోసం
నోరు తెరిచే ఆల్చిప్పలు కావవి.
ముత్యం ఊసే ఉండదు.
తెల్లవారుజామున మూడింటికి ఫ్యాక్టరీ కూత,
మోకాలి దాకా పెంకులు,
కుడిచేత పొట్టి కత్తి, ఎడమచేతికి చుట్టిన పేలికలు,
డబ్బాకి ఇన్ని సెంట్లని లెక్క.
ఊరి మ్యూజియంలో ఆనాటి ఫొటో ఒకటుంది.
అందులో నల్ల ఆడవాళ్లు అంచున ఉంటారు,
ఒకామె భుజం దగ్గరే ఫ్రేము అయిపోతుంది.
కింద "పనివాళ్లు" అని రాసి ఉంటుంది.

ఆ భుజం జెనీవాది. వెర్లీన్ అమ్మమ్మ.
సంతకం చేయడం కూడా రాదు.
కానీ ఒలుస్తూ కథ చెప్పేది,
బల్ల ఈ చివర మొదలెడితే ఆ చివర దాకా వినపడేలా,
సోమవారం ఎత్తుకుంటే శనివారం జీతం దాకా.
మేస్త్రీ ఇటు వస్తే కథలోకి నక్క వచ్చేది.
అతను అటు పోతే
నక్క చచ్చేది.

ఇంతకీ ఆ రాత్రి సంగతి.
మూతపడ్డ స్కేటింగ్ హాల్లో
రెండు దుప్పట్లు కలిపి కుట్టిన తెర.
ఎవరి ముఖం పడినా ముక్కు మీదుగా కుట్టు.
తొంభై కుర్చీలు, నూటపాతిక మంది,
ఒళ్లో పిల్లలు లెక్కలో లేరు.
పదిహేడో నిమిషంలో శబ్దం పోయింది.

పెదవులు కదులుతున్నాయి. కత్తులు కదులుతున్నాయి.
వైర్ల మధ్య మోకాళ్ల మీద వెర్లీన్,
పక్కన మేనల్లుడు లామార్, పళ్ల మధ్య టార్చిలైటు.
ఎవరో దగ్గారు. ఒక కుర్చీ కిర్రుమంది.

అప్పుడు మూడో వరసలో
ఎనభై తొమ్మిదేళ్ల ఒడెస్సా ఫెయిర్లీ
చేతికర్ర నేలకి తాటించి
"నక్క వచ్చింది" అంది.

"ఎక్కణ్ణించి?" వెనక నుంచి ఒక గొంతు.
"మేస్త్రీ బూటులోంచి!" గోడ పక్క నుంచి ఇంకోటి.
ఇక ఆగలేదు.
ఒకరి మాట ఒకరు అందుకుని, దిద్ది, కసిరి,
అది నక్క కాదు తోడేలని కాసేపు పోట్లాడి,
మా అమ్మ చెప్పినప్పుడు దానికి తోకే లేదని ఒకామె ఏడ్చి,
ఏడుస్తూనే నవ్వి,
తెర మీద బల్ల పొడుగునా నిలబడ్డవాళ్లకి
పాత బాకీ తీర్చినట్టు
గొంతులు ఇచ్చారు.

వైరు దొరికింది. లామార్ బొటనవేలు పైకెత్తాడు.
వెర్లీన్ వద్దని తల ఊపింది.
ఫోను తీసి, రికార్డు నొక్కి,
నడవ మధ్యలో నేల మీద పెట్టి
పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.
నలభై నిమిషాల సినిమా
ఆ రాత్రి రెండు గంటలు ఆడింది.
తెర తెల్లబడి చాలాసేపైనా
నక్క ఇంకా చావలేదు.

వచ్చే శనివారం నుంచి మళ్లీ చేపలు.
ఈసారి సినిమా గంటన్నర,
ఫొటోలో ఉన్న పదకొండు మందికీ పేర్లుంటాయి.
పైసాతో సహా లెక్కేస్తే ముప్పై ఒక్క శనివారాలు.
చర్చి వెనక తలుపు, పదకొండు గంటలకి.
ఆకలితో రండి.